బూజును తినే బూజు: మల్బరీ ఆకు మీద దాన్ని గుర్తుపట్టడం ఎట్లా?



చలి మొదలైతే మన గ్రూపులోకి వచ్చే ఫోటోలు మారిపోతాయి. వానకాలమంతా ఆకుమచ్చలు. కార్తీకం దాటినాక ఆకు వెనక తెల్ల బూడిద. శిడ్లఘట్ట, కోలారు వైపు నుంచి, హోసూరు, డెంకణికోట వైపు నుంచి ఒకే ప్రశ్న వేర్వేరు మాటల్లో వస్తుంది: "బూడిద తెగులు ఉండింది. ఇప్పుడు అది మట్టిరంగుకు తిరిగింది. ఇది కొత్త రోగమా? ఏం మందు కొట్టాలి?"

ఈ వారం పాఠం ఆ ప్రశ్న గురించే. ఒక్కోసారి అది కొత్త రోగం కాదు, రోగానికి పట్టిన రోగం. ఆకును తినే బూజును ఇంకో బూజు తింటోందన్నమాట. ఒక్కోసారి మాత్రం అది అలా కాదు, చూడటానికి అలా కనిపించే వేరే సంగతి. రెండింటికీ తేడా తెలిస్తే ఒక మందు ఖర్చు తప్పుతుంది, ఒక్కోసారి ఒక పంటే నిలబడుతుంది. తేడా తెలుసుకోవడానికి పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, ఒక సెల్లోటేపు చుట్ట, పది నిమిషాల ఓపిక చాలు.

*1. మనకెందుకు ఈ గొడవ?*

పురుగు తన జీవితంలో తినే ఆకులో నూటికి 80 పాళ్లకు పైగా ఐదో దశలోనే, అంటే నాలుగో జ్వరం లేచినాకనే తింటుంది. సరిగ్గా ఆ వారంలో తోటలో ఏదో కనిపించిందని మందు కొడితే ఆ ఆకు కొన్ని రోజులు కోయడానికి లేదు. ప్రతి మందుకూ ఒక ఆగాల్సిన గడువు ఉంటుంది. గడువు కాకముందే వేస్తే పురుగు ముడుచుకుంటుంది, గడువు దాకా ఆగితే ఆకలితో చిక్కుతుంది. ఎటు చూసినా నష్టం మనదే. అందుకే కొట్టే ముందు 'ఇది నిజంగా కొట్టాల్సిందేనా' అని చూడాలి.

రెండో కారణం ఉంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో కనిపించిన బొప్పాయి పిండినల్లి మన మల్బరీనీ ఎట్లా పట్టి పీడించిందో తమిళనాడు రైతులు మరిచిపోయి ఉండరు. మందులకు లొంగలేదు. 2010లో పోర్టోరికో నుంచి తెప్పించిన చిన్న కందిరీగ జాతి పురుగు దాన్ని అదుపులోకి తెచ్చింది. ఆ పురుగును విడిచిన తోటల్లో మందు కొట్టొద్దని అప్పుడు అధికారులు గట్టిగా చెప్పారు, ఎందుకంటే మందు ముందు చంపేది మనకు సాయం చేసేదాన్నే. బూజుల లోకంలోనూ ఇదే లెక్క. శత్రువుకు శత్రువు ఎవరో తెలియకపోతే మన చేత్తో మనమే వాణ్ణి పోగొట్టుకుంటాం.

*2. ముందు తెల్ల బూడిద గురించి*

మల్బరీలో బూడిద తెగులు తెచ్చే బూజు పేరు ఫిల్లాక్టీనియా. చాలా పంటల్లో బూడిద ఆకు పైన కనిపిస్తుంది. మల్బరీలో ముఖ్యంగా ఆకు వెనకవైపు, సున్నం చల్లినట్టు గుండ్రని మచ్చలుగా మొదలై, కలిసిపోయి ఆకంతా కప్పుతుంది. ఆకు పైన అదే చోట లేత పసుపు తిరుగుతుంది. చల్లటి రాత్రులు, మంచు, గుబురుగా పెరిగిన తోట, గాలి ఆడని వరసలు దానికి ఇష్టం. ముదురాకుకు ఎక్కువ పడుతుంది.

దాని బతుకు ఇలా ఉంటుంది. సన్నటి దారాల్లాంటి పోగులు ఆకు మీద అల్లుకుంటాయి. కొన్ని పోగులు ఆకు రంధ్రాల్లోంచి లోపలికి దిగి రసం పీలుస్తాయి. పైకి నిలబడిన పోగుల చివర బీజాలు పుడతాయి. వేలికి అంటే తెల్లపొడి ఈ బీజాలే. గాలికి ఎగిరి పక్క ఆకు మీద పడి మళ్లీ మొలుస్తాయి. ఆకులో నీటి శాతం, మాంసకృత్తులు తగ్గుతాయి. ఆ ఆకు తిన్న పురుగు బరువు రాదు, గూడు పలచన అవుతుంది.

ఈ తెల్లపొడి సంగతి గుర్తుపెట్టుకోండి. పొడి రాలుతోందంటే బూజు బతికి ఉంది. పొడి ఆగిపోయిందంటే ఏదో జరిగింది. మన పరిశోధన అంతా అక్కడే మొదలవుతుంది.

*3. దాన్ని తినేది ఎవరు?*

బూడిద తెగుళ్ల మీద బతికే బూజుల్లో అందరికన్నా పేరున్నది ఆంపెలోమైసిస్. 1852లో ఇటలీకి చెందిన చెసాతి అనే శాస్త్రజ్ఞుడు ద్రాక్ష బూడిద మీద కనిపించినదానికి ఆ పేరు పెట్టారు. ద్రాక్షతీగ బూజు అని దాని అర్థం. ఆ రోజుల్లో చాలామంది పండితులు కూడా దాన్ని వేరే బూజుగా ఒప్పుకోలేదు. బూడిద తెగులే తన కాయలు ఇలా కాస్తోంది అనుకున్నారు. 1870లో జర్మనీ శాస్త్రజ్ఞుడు డి బారీ ఓపికగా చూసి, ఇది బూడిద బూజు బిడ్డ కాదు, దాని లోపల దూరి తినే పరాయిది అని నిరూపించారు. అంటే ఇవాళ మన రైతుకు వచ్చే సందేహం 150 ఏళ్ల కిందట పెద్ద పెద్ద పండితులకూ వచ్చిందే. సిగ్గుపడాల్సిన పని లేదు.

అది పనిచేసే తీరు చూడండి. దాని బీజం వాన చినుకుతో చిమ్మి గానీ, తెగిన బూడిద పోగులతో గాలికి కొట్టుకొచ్చి గానీ తెల్ల మచ్చ మీద పడుతుంది. తడి ఉంటే ఒక రోజులోపు మొలుస్తుంది. మొలిచి బూడిద పోగు గోడను తొలిచి లోపలికి పోతుంది. తరవాత బయటికి రాదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, పోగు లోపలే దారి చేసుకుంటూ పోతుంది. వారం రోజులకు అటూ ఇటూగా, బూడిద బూజు బీజాలు కాయాల్సిన కాడల్లోనే తన బీజపు తిత్తులు కడుతుంది. కాడ ఉబ్బి, లేత గోధుమ రంగు నుంచి ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. తడి తగిలితే తిత్తి నోరు తెరిచి, జిగురుతో కలిసిన బీజాలు సన్నటి తీగలా బయటికి వస్తాయి.

అద్దెకు వచ్చి ఇల్లు ఆక్రమించుకున్నట్టు అనుకోండి. బయటి గోడ బూడిద బూజుదే, లోపల కాపురం వేరే వాళ్లది.

అందువల్ల కంటికి కనిపించే మార్పులు మూడు:

• సున్నపు తెలుపు పోయి మచ్చ ముందు బూడిదరంగు, తరవాత మట్టిరంగు అవుతుంది. మార్పు తరచు మచ్చ నడుమ నుంచి మొదలవుతుంది, ఎందుకంటే అక్కడి పోగులు పాతవి.
• దూదిలా లేచి ఉన్న మచ్చ చప్పబడి, ఆకుకు అతుక్కున్నట్టు ఉంటుంది.
• వేలితో రాస్తే తెల్లపొడి రాదు, వచ్చినా చాలా తక్కువ.

*4. ఎక్కడ పొరపాటు పడతాం?*

మట్టిరంగు కనిపించిన ప్రతిచోటా ఆంపెలోమైసిస్ ఉందనుకోకూడదు. దానిలా కనిపించేవి ఐదు ఉన్నాయి.

*మొదటిది, బూడిద బూజు సొంత కాయలు.* అందరూ తప్పేది ఇక్కడే. చలికాలం ముదిరేకొద్దీ ఫిల్లాక్టీనియా కూడా కాయలు కాస్తుంది. తెల్ల మచ్చ మీద ముందు పసుపు చుక్కలు, తరవాత నారింజ, గోధుమ, చివరికి నలుపు. తేడా కొలతలో ఉంది. ఈ కాయ సుమారు మిల్లీమీటరులో ఐదో వంతు ఉంటుంది. అంటే భూతద్దం లేకుండానే విడివిడి చుక్కగా కంటికి ఆనుతుంది. ఆంపెలోమైసిస్ తిత్తి సుమారు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. అది విడిగా కంటికి ఆనదు. వందలు కలిస్తే మచ్చకు మట్టిరంగు పులిమినట్టు ఉంటుంది.

రెండో తేడా ఆకారం. భూతద్దంలో ఫిల్లాక్టీనియా కాయ చుట్టూ సూదుల్లాంటి ముళ్లు చక్రంలా కనిపిస్తాయి. ఆ ముల్లు మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. ఎండినప్పుడు ఈ ముళ్లే కిందికి వంగి కాయను ఆకు నుంచి పైకి లేపి ఊడగొడతాయి. ముళ్లు కనిపించాయంటే అది శత్రువు సొంత సంతానం. మురిసిపోవద్దు.

మూడో తేడా రంగు. పసుపు నుంచి నలుపు దాకా అన్ని రంగుల చుక్కలూ ఒకే మచ్చ మీద ఉంటే అవి కాయలు. ఆంపెలోమైసిస్ తిత్తుల్లో పసుపు, నారింజ దశ ఉండదు.

*రెండోది, పసుపు అక్షింతల పురుగు.* తెల్ల మచ్చ మధ్య మధ్యలో గీరినట్టు ఖాళీ అయి, కింద పచ్చటి ఆకు కనిపిస్తే అటూ ఇటూ వెతకండి. వీపు మీద ఏ చుక్కా లేని నిమ్మపండు రంగు చిన్న పురుగు, మెడ దగ్గర తెల్లటి పట్టీ మీద రెండు నల్ల చుక్కలు ఉంటే అది ఇల్లీస్ అనే జాతి. దాని పిల్లపురుగు ఒళ్లంతా నల్ల చుక్కలతో లేత రంగులో ఉంటుంది. తల్లీ పిల్లా రెండూ బూడిద బూజునే మేస్తాయి, ఆకు జోలికి రావు. "ఆకు వెనక పసుపు పురుగులు పడ్డాయి" అని మందు కొట్టేవాళ్లు ఉన్నారు. దయచేసి కొట్టకండి. అవి జీతం అడగని కూలీలు.

*మూడోది, మసి బూజు.* తెల్లదోమ, పిండినల్లి కార్చే తీపి జిగురు మీద పెరిగే నల్లటి పొర ఇది. ఇది ఆకునూ తినదు, వేరే బూజునూ తినదు, జిగురు మీదే బతుకుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయి కింద పచ్చటి ఆకు కనిపిస్తుంది. ఇక్కడ వెతకాల్సింది బూజును కాదు, జిగురు కార్చే పురుగును. పై ఆకుల వెనక, చిగుళ్ల దగ్గర చూడండి.

*నాలుగోది, నల్ల ఆకుమచ్చ.* ఆకు వెనక మసి పూసినట్టు గరుకు మచ్చలు, పైవైపు అదే చోట పసుపు లేక గోధుమ మచ్చ. తుడిస్తే పోదు. ఇది నేరుగా ఆకుకు పట్టిన రోగం.

*ఐదోది, కోసినాక పుట్టే బూజు.* ఆకును ప్లాస్టిక్ కవర్లో వేసి రెండు రోజులు పెట్టి ఫోటో తీస్తే దాని మీద పచ్చబూజు, బూడిదబూజు ఏదైనా కనిపిస్తుంది. అది తోటలో లేదు, కవర్లో పుట్టింది. ఇలాంటి ఫోటో చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

*5. గుర్తుపెట్టుకోవాల్సిన మూడు ప్రశ్నలు*

ఇన్ని పోలికలు తలలో పెట్టుకోవడం కష్టం. మూడు ప్రశ్నలు వరసగా వేసుకుంటే చాలు.

*హద్దు:* కొత్తగా కనిపించేది పాత బూజు మచ్చ హద్దులోపలే ఉందా, దాటి మంచి ఆకు మీదికీ కాడ మీదికీ పాకిందా? బూజును తినే బూజుకు ఆహారం ఉన్నచోటే ఇల్లు. హద్దు దాటితే అది వేరే సంగతి.

*ప్రాణం:* కింద ఉన్న బూజు బతికే ఉందా? తెల్లపొడి ఇంకా బాగా రాలుతుంటే శత్రువు బలంగానే ఉన్నాడు. పొడి ఆగి, మచ్చ చప్పబడితే వాడికి దెబ్బ తగిలింది.

*పుట్టుక:* ఆ గోధుమ తిత్తి బూజు పోగు మీద కూర్చుందా, పోగు లోపలినుంచే ఉబ్బిందా? లోపలినుంచి ఉబ్బితే ఆంపెలోమైసిస్ అని ధైర్యంగా చెప్పొచ్చు. ఈ మూడో ప్రశ్నకు జవాబు భూతద్దంతో దొరకదు, మైక్రోస్కోపు కావాలి. మొదటి రెండు ప్రశ్నలు తోటలోనే తేలతాయి.

*6. తుప్పు తెగులు మీద ఇదే కథ*

ముదురాకు వెనక ఇటుకరంగు పొక్కులుగా వచ్చే తుప్పు తెగులుకూ శత్రువులు ఉన్నారు. తుప్పు తెగుళ్ల మీద ప్రపంచమంతా కనిపించేది స్ఫీరెల్లాప్సిస్. పాత పుస్తకాల్లో దీని పేరు డార్లూకా. తుప్పు పొక్కు నడుమ మెరిసే నల్లటి గుండ్లు, గసగసాలకన్నా చిన్నవి, గుంపుగా కనిపిస్తాయి. పొక్కులోంచి రావాల్సిన తుప్పుపొడి తగ్గిపోతుంది. కొన్ని జాతుల తుప్పు తన నల్లబీజాలు తానే కాస్తుంది. అప్పుడు పొక్కు మొత్తం నల్లబడుతుందే గానీ, విడివిడిగా మెరిసే గుండ్లు ఉండవు.

ఇంకొకటి తెల్లదూది రకం. తుప్పు పొక్కు మీద చిన్న దూదిముక్క పెట్టినట్టు ఉంటుంది. ఈ రకం బూజుల్లో లెకానిసిలియం ముఖ్యమైనది. కాఫీ తోటల్లో పచ్చ పొలుసు పురుగునూ, కాఫీ తుప్పునూ రెండింటినీ ఇది పట్టుకుంటుంది. బూజునే కాదు, పురుగునూ తినగలదు. ఆ చివరి మాట మన లాంటి పట్టు రైతులు రెండుసార్లు చదవాలి. దాని గురించి ఎనిమిదో భాగంలో చెప్తాం.

మలెనాడు, పడమటి కనుమల అడవుల్లో చెట్ల ఆకుల మీద నల్ల మఖమల్ గుడ్డ ముక్కల్లా మెలియోలా అనే నల్లబూజు కనిపిస్తుంది. దాని మీద కూడా గోధుమరంగు నూగులా స్పైరోప్స్ వంటి బూజులు బతుకుతాయి. ఏడాది పొడవునా తడి, వెచ్చదనం ఉండే ఉష్ణమండలంలో ఒక ఆకు మీద మూడు అంతస్తుల కాపురం మామూలే: ఆకు, దాన్ని తినే బూజు, ఆ బూజును తినే బూజు.

*7. మీరే చేసుకోగల పరీక్షలు*

*వేలి పరీక్ష.* పొద్దున మంచు ఆరినాక చేయండి. నల్లగుడ్డ ముక్క వేలికి చుట్టి మచ్చ మీద మెల్లగా ఒకసారి రాయండి. తెల్లటి గీత పడితే బూడిద బతికి ఉంది. గీత పడకపోతే తరవాతి పరీక్షకు పోండి.

*భూతద్దం పరీక్ష.* ఆకును వెలుతురుకు పక్కవాటంగా పట్టుకోండి. సూటిగా పడే ఎండలో అన్నీ చదునుగా కనిపిస్తాయి. పక్కనుంచి వెలుగు పడితే లేచి ఉన్నది, చప్పబడినది తేడా తెలుస్తుంది. ముళ్లున్న కాయలు ఉన్నాయా, మిరియాల పొడి చల్లినట్టు సన్నటి గోధుమ నలుసులు ఉన్నాయా చూడండి.

*టేపు పరీక్ష.* పారదర్శకంగా ఉండే సెల్లోటేపు ముక్కను మచ్చ మీద అద్ది తీసి, గాజుపలక మీద అతికించండి. దీన్ని మీ దగ్గర్లోని సెరికల్చర్ టెక్నికల్ సర్వీస్ సెంటరుకో, కృషి విజ్ఞాన కేంద్రానికో, మైక్రోస్కోపు ఉన్న కాలేజీకో తీసుకుపోతే పుట్టుక ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. అక్కడ చూడమని అడగాల్సింది ఇది: బూడిద పోగుల కాడల్లోపల బేరిపండు ఆకారంలో గోధుమ తిత్తులు ఉన్నాయా? నీటిచుక్క వేసి మెల్లగా నొక్కితే వాటిలోంచి ఒకే గదితో, రంగులేని చిన్న బీజాలు వస్తున్నాయా? బూడిద బీజం పెద్దగా గదలా ఉంటుంది. ఆంపెలోమైసిస్ బీజం మిల్లీమీటరులో వందో వంతుకన్నా చిన్నది.

*తడి డబ్బా పరీక్ష.* తడిపిన న్యూస్‌పేపరు పరిచిన డబ్బాలో ఆకును వెనకవైపు పైకి ఉండేలా పెట్టి మూత వేసి ఒక రాత్రి ఉంచితే తిత్తులు బాగా ఊరతాయి. ఒక రాత్రి మాత్రమే. అంతకన్నా ఎక్కువ ఉంచితే వేరే బూజులు పుట్టి లెక్క తప్పుతుంది. ఈ పరీక్షను పురుగుల ఇంట్లోగానీ, చాకీ గదిలోగానీ, ఆకు నిలవ చేసే చోటగానీ చేయొద్దు. తడి డబ్బాలో ఆస్పర్జిల్లస్ లాంటి బూజు పుడితే అది చాకీ పురుగులకు ప్రాణాంతకం. పరీక్ష అయినాక ఆకును దూరంగా పూడ్చి, డబ్బాను బ్లీచింగ్ నీళ్లతో కడగండి.

*నమూనా పంపాలంటే:* ఆకును పాత న్యూస్‌పేపరు మడతల్లో పెట్టి, మీద బరువుంచి ఆరబెట్టి, కాగితపు కవర్లో పంపాలి. ప్లాస్టిక్ వద్దు. కవరు మీద ఊరు, తేదీ, మల్బరీ రకం, కత్తిరింపు అయి ఎన్ని రోజులు, చివరగా కొట్టిన మందు రాయండి. గ్రూపుకు ఫోటో పంపినా ఇవే వివరాలు రాయండి. ఆకు రెండువైపులా తీయండి, పక్కన స్కేలుగానీ నాణెంగానీ పెట్టండి.

*8. గుర్తుపట్టినాక ఏం చేయాలి?*

ముందు ఆశను అదుపులో పెట్టుకుందాం. ఆంపెలోమైసిస్ ఆలస్యంగా వచ్చే చుట్టం. బూడిద బాగా పెరిగినాకే దానికి తిండి దొరుకుతుంది. దూరినాక కూడా వారం, పది రోజులు బూడిద ఇంకా పాకుతూనే ఉంటుంది. దానికి తడి కావాలి, బూడిదకు అంత తడి అక్కర్లేదు. కాబట్టి పొడి చలిలో బూడిద ముందు పరుగెత్తుతుంది, ఇది వెనకబడుతుంది. అరవై డెబ్బై రోజుల్లో కోసేసే మన మల్బరీలో ఈ పంట ఆకును అది కాపాడుతుందని నమ్ముకోవద్దు. అది చేసే మేలు తరవాతి పంటకు: గాల్లోకి ఎగిరే బూడిద బీజాలు తగ్గుతాయి, కాయలు కట్టకముందే పోగులు చస్తాయి.

అందుకని చేయాల్సినవి:

• పురుగుల మేతకు ఆకును ఆకుగానే చూడండి. బూజును ఏది తిన్నా, బూజు పట్టిన ఆకు చాకీకి పనికిరాదు. పెద్ద పురుగులకైనా మంచి ఆకు ముందు, మచ్చ తక్కువున్నది తరవాత.
• మచ్చల్లో సగానికి పైగా మట్టిరంగుకు తిరిగి, పొడి ఆగిపోయి ఉంటే, కోతకు కొద్ది రోజులే ఉంటే, అప్పుడు మందు కొట్టి సాధించేది ఏమీ లేదు. కోసుకోండి, కత్తిరించండి.
• తెల్లపొడి బాగా రాలుతూ, కోతకు ఇంకా చాలా రోజులుంటే విస్తరణ అధికారి చెప్పిన మందు, చెప్పిన మోతాదులో, ఆకు వెనక తడిసేలా కొట్టండి. గడువు లెక్కపెట్టుకోండి. గంధకం మందులు బూడిదతోపాటు ఆంపెలోమైసిస్‌నూ దెబ్బతీస్తాయని తెలుసుకుని నిర్ణయం తీసుకోండి.
• నిర్ణయం తేలకపోతే రెండు వరసలు మందు లేకుండా వదిలి చూడండి. వారానికోసారి వేలి పరీక్ష చేసి పుస్తకంలో రాసుకోండి. మీ తోట సంగతి మీ తోటే చెప్పాలి.
• అన్నిటికన్నా ముందు గాలి ఆడనివ్వండి. వరసల మధ్య ఎడం, అడుగు కొమ్మల ఏరివేత, ఆకు ముదరకముందే కోత. బూడిదకు ఇవే పెద్ద మందులు.

*పెద్ద హెచ్చరిక:* బజారులో 'బూజును చంపే బూజు', 'పురుగును చంపే బూజు' రెండు రకాల డబ్బాలూ ఒకే అలమరలో ఉంటాయి. ఆంపెలోమైసిస్ బూడిద తెగుళ్ల మీద బతికేది. బవేరియా, మెటారైజియం, లెకానిసిలియం పురుగుల మీద బతికేవి. మన పురుగుకు సున్నపుకట్టు రోగం తెచ్చేది ఈ బవేరియానే. 1835లో ఇటలీలో అగస్టీనో బస్సీ, పట్టుపురుగు సున్నంలా గట్టిపడి చావడానికి కారణం ఒక బూజేనని చూపించారు. ఒక సూక్ష్మజీవి జంతువుకు రోగం తెస్తుందని మొదట రుజువైంది మన పురుగు మీదే. అదే బూజును ఇవాళ వేరే పంటల పురుగుల కోసం డబ్బాల్లో అమ్ముతున్నారు. మల్బరీ తోటలోగానీ, గాలివాటాన ఉన్న పక్క చేలోగానీ దాన్ని కొట్టనివ్వొద్దు. 'జీవ సంబంధమైనది, హాని లేదు' అన్న మాట మనిషికి సరిపోవచ్చు, పట్టుపురుగుకు సరిపోదు. డబ్బా మీద ఉన్న పేరు చదివించుకోండి. అర్థం కాకపోతే ఫోటో తీసి కొనకముందే గ్రూపులో పెట్టండి.

*9. అభ్యాసం*

కింద ఐదు నమూనాలు. జవాబులు చూడకుండా ముందు మీరు చెప్పండి.

క) ఆకు వెనక తెల్ల మచ్చ. గుడ్డకు తెల్ల గీత పడింది. మచ్చ మీద పసుపు, గోధుమ, నల్ల చుక్కలు కంటికే కనిపిస్తున్నాయి.

చ) మచ్చ నడుమ మట్టిరంగు, అంచు మాత్రం తెలుపు. నడుమ రాస్తే పొడి లేదు. కంటికి చుక్కలు లేవు, భూతద్దంలో సన్నటి గోధుమ నలుసులు. మంచి ఆకు మీద ఏమీ లేదు.

ట) ఆకు పైన నల్లటి పొర. తడిగుడ్డతో తుడిస్తే పోయింది. పై ఆకు వెనక తెల్లదోమలు.

త) ఇటుకరంగు పొక్కుల నడుమ మెరిసే నల్ల గుండ్లు. పొక్కు లేనిచోట గుండ్లు లేవు.

ప) మూడు రోజులు ప్లాస్టిక్ కవర్లో ఉన్న ఆకు. కాడ, ఈనె, మచ్చ అన్నిటి మీదా పచ్చబూజు.

*జవాబులు*

క) బూడిద తెగులు తన కాయలు తానే కాస్తోంది. మూడు రంగులు, కంటికి ఆనే కొలత రెండూ అదే చెప్తున్నాయి. ప్రాణంతో ఉంది, జాగ్రత్త.

చ) హద్దు దాటలేదు, నడుమ ప్రాణం పోయింది, నలుసులు సన్నవి. ఆంపెలోమైసిస్ కావడానికి బలమైన అవకాశం. టేపు ముక్క మైక్రోస్కోపు కింద చూపించండి. తెల్లని అంచు ఇంకా బతికే ఉందని మరవొద్దు.

ట) మసి బూజు. బూజుకు కాదు, తెల్లదోమకు దారి చూడాలి.

త) తుప్పు మీద స్ఫీరెల్లాప్సిస్ కావచ్చు. కాగితంలో ఆరబెట్టి పంపండి.

ప) చెప్పడానికి ఏమీ లేదు. హద్దు లేదు, అన్నిచోట్లా ఉంది. తాజా ఆకు తెంపి మళ్లీ మొదలుపెట్టండి, ఈ ఆకును పురుగుల ఇంటి దరిదాపుల్లోకి తేవద్దు.

ఐదుకు నాలుగు చెప్పినవాళ్లు రేపు పొద్దున తోటలోకి పోయి, ఆకు తిప్పి చూసి, ఒక మంచి ఫోటో గ్రూపులో పెట్టండి. మూడుకన్నా తక్కువ చెప్పినవాళ్లు నాలుగో భాగం ఇంకోసారి చదివి, పక్కింటి రైతుతో కలిసి చూడండి. ఇంట్లో ఆకు కోసేది ఆడవాళ్లయితే ఈ పాఠం వాళ్లకు చదివి వినిపించండి. ఆకు వెనకవైపు రోజూ చూసేది వాళ్లే, ముందు గుర్తుపట్టేదీ వాళ్లే.

వచ్చే పాఠంలో పసుపు అక్షింతల పురుగు గుడ్లు, పిల్లపురుగులు గుర్తుపట్టడం గురించి చెప్పుకుందాం. మీ తోటలో కనిపిస్తే ఫోటో తీసి పెట్టండి, మందు మాత్రం కొట్టకండి.